లష్కరు బజారులో స్త్రీల రిజిస్టరు: లాక్ ఆసుపత్రుల కాలం (1864–1897)

గత భాగం 1857 తిరుగుబాటు అణగిపోయి, కంపెనీ చేతిలోని పాలన బ్రిటిష్ రాణి పేరిట మారిన ఘట్టం దగ్గర ఆగింది. ఆ మార్పు వెంట వచ్చిన సైనిక సంస్కరణల్లో ముఖ్యమైనది భారతదేశంలో తెల్ల సిపాయిల బలాన్ని పెంచడం. 1860లలో వారి సంఖ్య సుమారు 60 వేలకు చేరింది. వీరిలో అత్యధికులు పెళ్లికాని యువకులు. పెళ్లి చేసుకోవాలంటే పటాలం అధికారి అనుమతి కావాలి, భార్యాబిడ్డలకు వసతి, రేషను, ఓడ ఖర్చులు భరించడం సర్కారుకు ఇష్టం లేదు గనుక ఆ అనుమతి పటాలంలో కొద్దిమందికే దక్కేది. మిగిలిన వారి కోసం దండు బజారులో పడుపు స్త్రీలను అందుబాటులో ఉంచడమే చౌక అని సైనికాధికారులు తేల్చుకున్నారు. ఆ తరువాత ముప్పై ఏళ్లపాటు ఇంగ్లండులోనూ ఇండియాలోనూ వ్యభిచార చట్టాల చుట్టూ నడిచిన వివాదమంతా ఈ లెక్క నుంచే పుట్టింది. స్త్రీకి కలిగే హాని ఈ లెక్కలో ఏ పద్దు కిందా చేరలేదు.

దక్షిణాదిలో ఇలాంటి దండు పట్టణాలు చాలా ఉండేవి. మద్రాసు సరిహద్దులోని సెయింట్ థామస్ మౌంట్, మైసూరు సంస్థానంలోని బెంగళూరు, తెలుగు, కన్నడ జనం కలిసి బతికే బళ్లారి, నిజాం రాజ్యంలో ఉంటూ బ్రిటిష్ సైనికాధికారుల అదుపులో నడిచే సికింద్రాబాదు, దానిని ఆనుకున్న తిరుమలగిరి వీటిలో ముఖ్యమైనవి. సికింద్రాబాదును నేటికీ పాతవారు లష్కర్ అనే పిలుస్తారు. ఆ పట్టణం పుట్టుక, పెరుగుదల సైన్యంతోనే ముడిపడి ఉన్నాయి. కంటోన్మెంటు అంటే సైనికాధికారి ఆజ్ఞ సివిల్ చట్టంలా చెల్లే హద్దు. ఆ హద్దు లోపల పటాలానికి కావలసిన పిండి, మాంసం, సారా, చాకలి, మంగలి సేవలను సమకూర్చే రెజిమెంటు బజారులోనే, ఉత్తరాదిలో చక్లా అని పిలిచే వ్యభిచార గృహాల వరుస కూడా ఉండేది. చక్లాకు పెద్దగా ఒక ముసలి స్త్రీని నియమించేవారు. కొత్త స్త్రీలను తేవడం, ఉన్నవారిని వైద్య పరీక్షకు హాజరుపరచడం ఆమె బాధ్యతలు. పటాలం ఒక ఊరి నుంచి మరో ఊరికి కదిలితే, చాలాచోట్ల ఈ స్త్రీలు కూడా దాని వెంట కదలవలసి వచ్చేది.

సైన్యం భయపడినది సుఖరోగాలకు. సిఫిలిస్‌ను సవాయి అని, గనేరియాను సెగరోగమని తెలుగునాట పిలిచేవారు. ఈ రెంటివల్ల ఆసుపత్రిలో పడే సిపాయిల సంఖ్య యుద్ధంలో గాయపడే వారి సంఖ్యను మించిపోతూ ఉండేది. అయితే 1860లలో వైద్యశాస్త్రానికి ఈ రోగాల గురించి తెలిసినది చాలా తక్కువ. గనేరియా సూక్ష్మజీవిని నైసర్ గుర్తించినది 1879లో, సిఫిలిస్ సూక్ష్మజీవిని షౌడిన్, హాఫ్‌మన్ గుర్తించినది 1905లో. రక్తపరీక్ష 1906లో వచ్చింది, పనిచేసే మందు సాల్వర్సాన్ 1910లో, పెన్సిలిన్ 1940లలో వచ్చాయి. అంతవరకు సిఫిలిస్‌కు ప్రధాన మందు పాదరసమే. దానిని లేపనంగా పూసేవారు, మాత్రలుగా మింగించేవారు, పొగగా పట్టించేవారు. నోటి నుంచి లాలాజలం ధారగా కారడం మందు పనిచేస్తున్న గుర్తుగా చాలాకాలం భావించారు. చిగుళ్లు పుండ్లు పడి, పళ్లు కదిలి, మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులు రోగం నయమై పోయిందో, పుండు తాత్కాలికంగా ఎండిందో తెలియకుండానే ఇంటికి వెళ్లేవారు. పైకి ఏ లక్షణమూ లేని స్త్రీ నుంచి కూడా గనేరియా సోకగలదని, కంటిచూపుతో చేసే పరీక్ష ఆ రోగాన్ని చాలాసార్లు పట్టుకోలేదని ఆనాటి వైద్యుల్లోనే కొందరు వాదించారు. రిజిస్టరు పద్ధతికి శాస్త్రం అండ ఉందన్న మాట అప్పటికే బలహీనమైనదని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

లాక్ ఆసుపత్రి అంటే సుఖరోగాలున్న స్త్రీలను ఉంచి వైద్యం చేయడానికి ప్రత్యేకించిన ఆసుపత్రి. ఈ ఆలోచన కంపెనీ కాలానికే ఇండియాకు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 19వ శతాబ్దం మొదటి దశకాల్లోనే ఇలాంటి ఆసుపత్రులు నడిచాయి, ఖర్చుకు తగిన ఫలితం కనిపించడం లేదని 1830లలో మూతపడ్డాయి. 1864 కంటోన్మెంటు చట్టం (ఆ ఏడాది 22వ చట్టం) వాటికి మళ్లీ ప్రాణం పోసింది. దండు హద్దుల్లో తెల్ల సిపాయిల వద్దకు వెళ్లే స్త్రీలను నమోదు చేయడానికి, నియమిత కాలానికి ఒకసారి పరీక్షించడానికి, రోగం ఉన్నవారిని ఆసుపత్రిలో నిర్బంధించడానికి ఆ చట్టం కింద నియమాలు తయారయ్యాయి. నాలుగేళ్ల తరువాత, 1868లో, ఇండియన్ కంటేజియస్ డిసీజెస్ యాక్ట్ పేరిట వచ్చిన 14వ చట్టం ఇదే పద్ధతిని దండు హద్దులు దాటించి కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి నగరాలకు విస్తరించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. వ్యభిచార వృత్తిలో ఉన్న స్త్రీ పేరు నమోదు చేయించుకోవాలి, చీటీ పొందాలి, పరీక్షకు రావాలి. రాకపోయినా, నమోదు లేకుండా వృత్తి సాగించినా జైలు, జుల్మానా తప్పవు. ఎవరు వేశ్య, ఎవరు కాదు అన్నది తేల్చేందుకు చట్టంలో స్పష్టమైన నిర్వచనం లేదు. ఆచరణలో ఆ నిర్ణయం వీధిలో తిరిగే పోలీసు చేతికే వచ్చింది.

పరీక్ష ఎలా జరిగేదో వివరంగా చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే సర్కారీ నివేదికల్లో ఇది ఒక్క మాటతో ముగిసిపోతుంది. నిర్ణీత రోజున స్త్రీలందరూ బజారు గుండా నడిచి, ఊరివాళ్లు చూస్తుండగా, ఆసుపత్రికి చేరాలి. అక్కడ ఒకరి తరువాత ఒకరిని బల్లమీద పడుకోబెట్టి, స్పెక్యులం అనే లోహపు పరికరాన్ని జననాంగంలోకి చొప్పించి వైద్యుడు లోపలి భాగాన్ని చూసేవాడు. ఆ పరికరాన్ని ఒకరి నుంచి ఒకరికి మధ్య నేటి అర్థంలో శుద్ధిచేసే పద్ధతి అప్పటికి లేదు. సూక్ష్మజీవులు రోగాన్ని మోస్తాయన్న సిద్ధాంతమే ఇంకా వాదంలో ఉంది. రోగాన్ని అడ్డుకోవడానికి పెట్టిన ఈ పరీక్షే రోగాన్ని మోసే దారి కావచ్చునన్న అనుమానం నిరాధారం కాదు. రోగం లేదని తేలితే చీటీ మీద ఆ సంగతి రాస్తారు. ఉందని తేలితే అప్పటికప్పుడే ఆసుపత్రిలో ఉంచుతారు. ఇంటి దగ్గర పసిపిల్లలున్నా, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నా, వైద్యుడు వదిలేవరకు ఆమె బయటికి రావడానికి వీల్లేదు. ఆ రోగాన్ని ఆమెకు అంటించిన సిపాయి మాత్రం ఇలాంటి పరీక్షకు రానవసరం లేదు. బ్రిటిష్ సైన్యంలో సిపాయిలకు నియమితంగా జరిపే జననాంగ పరీక్షను 1859లోనే మానేశారు. అది వారి ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుందని, సైనికులు, వైద్యులు ఇద్దరూ దానిని అసహ్యించుకుంటున్నారని కారణం చెప్పారు. సిపాయి విషయంలో ఇంత తేలికగా అర్థమైన అవమానం స్త్రీ విషయంలో ఆ అధికారులకే అర్థం కాకపోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే బరువైన సంగతి.

ఇదే కాలంలో ఇంగ్లండులోనూ ఇలాంటి చట్టాలే వచ్చాయి. 1864, 1866, 1869 సంవత్సరాల్లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన మూడు కంటేజియస్ డిసీజెస్ చట్టాలు పోర్ట్స్‌మత్, ప్లిమత్, ఆల్డర్‌షాట్, వూలిచ్, ఐర్లండులోని కర్రా వంటి సైనిక, నౌకా పట్టణాల్లో అమలయ్యాయి. మామూలు దుస్తుల్లో తిరిగే పోలీసు ఒక స్త్రీని అనుమానిస్తే చాలు, ఆమె పరీక్షకు లొంగాలి, లేదా తాను అలాంటిదాన్ని కానని మేజిస్ట్రేటు ఎదుట నిరూపించుకోవాలి. నిర్బంధ కాలం మొదటి చట్టంలో మూడు నెలలు, రెండో చట్టంలో ఆరు, మూడో చట్టంలో తొమ్మిది నెలలకు పెరుగుతూ పోయింది. ఆల్డర్‌షాట్‌లో నాటకాలాడి బతికే మిసెస్ పెర్సీ అనే వితంతువును, ఆమె కూతురిని ఇలా వేధించగా, 1875లో ఆ తల్లి కాలువలో పడి చనిపోయింది. ఆ మరణం దేశమంతా పత్రికలకెక్కి చట్టాల వ్యతిరేకులకు బలమైన సాక్ష్యమైంది.

కలకత్తాలో ఈ చట్టానికి ప్రజలు పెట్టుకున్న పేరు చౌద్దో ఆయిన్, అంటే పద్నాలుగో చట్టం. చాలామంది స్త్రీలు నమోదు తప్పించుకోవడానికి గంగ వెంట ఎగువనున్న ఫ్రెంచి వారి చందన్‌నగర్‌కు తరలిపోయారు. వేలసంఖ్యలో అరెస్టులు జరిగాయి. పోలీసుల లంచాలు, బెదిరింపుల గురించి పత్రికలు రాశాయి. మద్రాసులో మరో చిక్కు ఎదురైంది. గుడికి అంకితమైన దేవదాసీలను, ఒకే మగవాడి అండన ఉంటున్న స్త్రీలను కూడా రిజిస్టరులోకి ఎక్కించాలా అన్న ప్రశ్న అధికారులను ఇబ్బంది పెట్టింది. ఒకవంక 1862లో అమలుకు వచ్చిన ఇండియన్ పీనల్ కోడు 372, 373 సెక్షన్లు పదహారేళ్లలోపు పిల్లలను వ్యభిచారం కోసం అమ్మడం, కొనడం నేరమని చెబుతున్నాయి, మరోవంక అదే సర్కారు ఆ వృత్తిని చీటీలు ఇచ్చి నడిపిస్తోంది. దేవదాసీల గురించిన చట్టాల కథ చాలా పెద్దది, వచ్చే భాగం అంతా దానికే గనుక ఇక్కడ ఇంతటితో ఆపడం మేలు.

మద్రాసు ప్రెసిడెన్సీ లాక్ ఆసుపత్రుల చరిత్రలో 1876–78 కరువు ఒక ప్రత్యేకమైన ఘట్టం, దానికి చరిత్ర పుస్తకాల్లో దక్కవలసినంత చోటు దక్కలేదు. ధాత, ఈశ్వర నామ సంవత్సరాల్లో వానలు ముఖం చాటేయగా బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నాయి. సర్ రిచర్డ్ టెంపుల్ సిఫార్సుతో 1877లో సహాయ శిబిరాల కూలీని రోజుకు ఒక పౌను ధాన్యం, దాంతోపాటు ఒక అణా స్థాయికి కుదించారు. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువ. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ అప్పుడే తీవ్రంగా వాదించాడు. అలాంటి రోజుల్లో లాక్ ఆసుపత్రిలో చేరిన స్త్రీకి రోగి హోదాలో రెండు పూటలా అన్నం పెట్టేవారు. అంతవరకు పోలీసు వెంటబడి పట్టుకొస్తే తప్ప రాని ఆసుపత్రులకు స్త్రీలు తమంత తామే రావడం మొదలుపెట్టారు. వచ్చిన వారిలో చాలామంది ఎప్పుడూ ఈ వృత్తిలో లేనివారని, తిండి కోసమే వేశ్యలమని చెప్పుకుంటున్నారని, నయమైనా పోవడం లేదని అధికారులు నివేదికల్లో వాపోయారు.

ఆ ఫిర్యాదును తిరగేసి చదివితే కరువు ఏం చేసిందో తెలుస్తుంది. తన పేరు, తన కులం, తన ఊరిలో తన పరువు అన్నీ ఒక రిజిస్టరులో పడవేసి, స్పెక్యులం పరీక్షకు తనంత తానే వెళ్లిన స్త్రీ ఎంత ఆకలితో ఉండి ఉంటుందో ఆలోచించవలసిన అధికారి, ఖజానాకు పడిన భారం గురించి ఆలోచించాడు. వ్యభిచారంలోకి వచ్చే స్త్రీ ఇష్టపడే వస్తుందా, బలవంతంగా వస్తుందా అని నేటి వాదాల్లో వినబడే ప్రశ్నకు 1877 నాటి బళ్లారి, మద్రాసు ఇచ్చే జవాబు అంత సులువుగా రెండుగా చీలదు. ఆమెను ఎవరూ చేయి పట్టి లాక్కురాలేదు, ఆమె నడిచే వచ్చింది. కానీ పౌను ధాన్యం నియమం ఆమెను తరిమింది. సమ్మతి అన్న మాటకు చట్టంలో ఎంత విలువ ఉన్నా, ఆ సమ్మతి ఇచ్చే మనిషి ముందు ఉన్న మిగతా దారులేమిటో చూడకుండా దానిని తూచడం అన్యాయం.

చట్టాల మీద తిరుగుబాటు ఇంగ్లండులో మొదలైంది. 1869 చివర్లో లేడీస్ నేషనల్ అసోసియేషన్ అనే సంఘం ఏర్పడి, ఆ ఏడాది ముగుస్తుండగానే డెయిలీ న్యూస్ పత్రికలో ఒక నిరసన ప్రకటన వెలువరించింది. దానిమీద సంతకం చేసినవారిలో నర్సు వృత్తికి రూపం ఇచ్చిన ఫ్లారెన్స్ నైటింగేల్, రచయిత్రి హారియట్ మార్టినో ఉన్నారు. సంఘానికి నాయకత్వం వహించినది జోసఫీన్ బట్లర్. లివర్‌పూల్‌లో దిక్కులేని స్త్రీల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన బట్లర్ వాదంలో మూడు పోగులు పెనవేసుకుని ఉన్నాయి. విచారణ లేకుండా, సాక్ష్యం లేకుండా ఒక పోలీసు మాట మీద పౌరురాలిని నిర్బంధించడం ఇంగ్లండు రాజ్యాంగ సంప్రదాయానికే విరుద్ధమని. ఇద్దరు కలిసి చేసే పనికి ఒక్కరినే శిక్షించడం అధర్మమని. ప్రభుత్వం పరీక్షించి చీటీ ఇవ్వడం అంటే ఈ వ్యాపారానికి పూచీ పడటమేనని ఆమె ఊరూరా తిరిగి చెప్పింది. మర్యాదగల ఇంటి స్త్రీ బహిరంగ సభలో ఇలాంటి విషయం ఎత్తడమే ఘోరం అనుకునే కాలంలో, సభల మీద రాళ్లు పడినా, ఆమె బసచేసిన హోటళ్ల అద్దాలు పగిలినా ఆమె ఆగలేదు. 1870 కోల్చెస్టర్ ఉపఎన్నికలో, మాల్టా గవర్నరుగా ఇలాంటి పద్ధతిని నడిపిన సర్ హెన్రీ స్టార్క్స్ ఓడిపోవడంతో ఈ ఉద్యమాన్ని రాజకీయ పక్షాలు లెక్కచేయక తప్పలేదు. 1871లో కూర్చున్న రాయల్ కమిషను మాత్రం, స్త్రీ డబ్బు కోసం చేస్తుంది గనుక ఆమె తప్పూ, ప్రకృతి సహజమైన కోరిక తీర్చుకునే మగవాడి తప్పూ ఒకటి కావని తేల్చింది. చట్టాల పునాదిలో ఉన్న నమ్మకాన్ని ఇంత బాహాటంగా ప్రకటించిన సర్కారీ పత్రం మరొకటి దొరకదు. మంత్రిగా పనిచేసిన జేమ్స్ స్టాన్స్‌ఫెల్డ్ తన రాజకీయ భవిష్యత్తును పణంగా పెట్టి పార్లమెంటులో ఈ పోరాటాన్ని నడిపాడు. 1883లో ఆయన తీర్మానంతో నిర్బంధ పరీక్షలు ఆగాయి, 1886లో ఇంగ్లండు చట్టాలు రద్దయ్యాయి.

ఈ గెలుపు పూర్తి కాకముందే ఉద్యమం మరో మలుపు తిరిగింది. 1885 జూలైలో పాత్రికేయుడు డబ్ల్యు. టి. స్టెడ్, లండనులో పేద పిల్లలను వ్యభిచార గృహాలకు అమ్ముతున్న తీరును పాల్ మాల్ గెజిట్ పత్రికలో బయటపెట్టాడు. ఆ అలజడి ఫలితంగా వచ్చిన చట్టం సమ్మతి వయసును 13 నుంచి 16కు పెంచింది, అది ఎంతో మేలు చేసింది. అదే చట్టం వ్యభిచార గృహం నడపడాన్ని కఠినంగా శిక్షించే వీలు కల్పించింది. నీతి పరిరక్షణ సంఘాలు ఆ సెక్షను పట్టుకుని ఇళ్ల మీద దాడులు చేయించసాగాయి. ఇద్దరు స్త్రీలు కలిసి ఒక గదిలో ఉన్నా అది వ్యభిచార గృహంగా లెక్కకు వచ్చి, వారు వీధిపాలై, రక్షణకోసం తార్పుడుగాళ్ల పంచన చేరవలసి వచ్చింది. చీటీల పద్ధతిని ఎదిరించిన బట్లర్ ఈ దాడులను కూడా ఎదిరించింది. పేద స్త్రీలను బలప్రయోగంతో శీలవతులను చేయవచ్చుననుకునే వారిని నమ్మవద్దని తన సహచరులను హెచ్చరించింది. ఆమెను తమ పూర్వీకురాలిగా చెప్పుకునే నేటివారు ఆమె జీవితంలోని ఈ చివరి ఘట్టాన్ని తరచు మరిచిపోతుంటారు.

ఇండియాలో చట్టం రద్దు కావడానికి ఒక సైనిక ఉత్తరం కారణమైంది. సేనాధిపతి రాబర్ట్స్ తరఫున క్వార్టర్‌మాస్టర్ జనరల్ చాప్‌మన్ 1886 జూన్ 17న పంపిన ఉత్తర్వు, రెజిమెంటు బజార్లలో స్త్రీల సంఖ్య చాలినంత ఉండాలని, వారు చూడటానికి తగినంత ఆకర్షణీయంగా ఉండేలా చూసుకోవాలని, వారికి సరైన ఇళ్లు ఏర్పాటు చేయాలని కమాండర్లను కోరింది. ఆల్ఫ్రెడ్ డయర్ అనే ప్రచారకుడు 1888లో దానిని లండనులో అచ్చువేయగా పార్లమెంటులో దుమారం రేగింది; ఆ ఏడాది జూన్ 5న కామన్స్ సభ నిర్బంధ పరీక్షలు, లైసెన్సులు ఆపాలని తీర్మానించింది, 1868 నాటి చట్టం రద్దయింది. అయితే 1889 కంటోన్మెంటు చట్టం కింద, అంటురోగాల నియమాల ముసుగులో, పాత పద్ధతి సాగుతూనే ఉంది. 1891–92 శీతాకాలంలో అమెరికా నుంచి వచ్చిన ఎలిజబెత్ ఆండ్రూ, వైద్యురాలు కేథరిన్ బుష్‌నెల్ లక్నో, మీరట్, అంబాలా, పెషావరు సహా ఉత్తరాది దండు పట్టణాలు పదింటికి వెళ్లి, చక్లాల్లోని స్త్రీలతో నేరుగా మాట్లాడి, రిజిస్టర్లు చూసి, రద్దయిందన్న పరీక్షలు నడుస్తూనే ఉన్నాయని నిరూపించారు. అంతవరకు ఈ వ్యవహారంలో సాక్షులందరూ అధికారులు, వైద్యులు, పాదరీలే. బల్లమీద పడుకున్న స్త్రీ ఏమనుకుంటుందో అడిగినవారు అరుదు. ఆ స్త్రీలు పరీక్షను ఎంత అసహ్యించుకునేవారో ఈ ఇద్దరూ రాసిన తరువాతే లండను విన్నది. 1893లో రస్సెల్ కమిటీ వారి మాటలు నిజమని ఒప్పుకుంది. మొదట వాటిని కాదన్న లార్డ్ రాబర్ట్స్ క్షమాపణ చెప్పాడు. 1895లో కంటోన్మెంటు చట్టానికి సవరణ వచ్చింది.

అయినా కథ ముగియలేదు. 1895 ప్రాంతంలో ఇండియాలోని తెల్ల సిపాయిల్లో వెయ్యికి 500కు పైగా సుఖరోగ కేసులు నమోదయ్యాయి. ఈ అంకె పట్టుకుని సైన్యం, దానిని బలపరిచే పత్రికలు చట్టాల రద్దే దీనికి కారణమని గగ్గోలు పెట్టాయి. రద్దుకు ముందు, చీటీలూ పరీక్షలూ పూర్తిగా అమలులో ఉన్న ఏళ్లలో కూడా ఈ కేసులు చాలాచోట్ల పెరుగుతూనే వచ్చాయన్న మాట ఆ గొడవలో మునిగిపోయింది. 1897లో కొత్త నియమాలు వచ్చాయి: ఇప్పుడు స్త్రీని బలవంతంగా పరీక్షించరు, కానీ ఆసుపత్రికి రానన్న స్త్రీని దండు హద్దు నుంచి వెళ్లగొడతారు. తిండి దొరికే చోటు అదొక్కటే అయిన మనిషికి ఈ రెంటికీ ఎంత తేడా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ తరువాతి దశాబ్దంలో సుఖరోగాలు బాగా తగ్గాయి. సిపాయిలకు ఆటలు, చదువుగదులు, తాగుడు తగ్గించే ఏర్పాట్లు, మెరుగైన వైద్యం అప్పుడే విస్తరించాయి. నైటింగేల్ ముప్పై ఏళ్లకు ముందే సూచించిన మార్గం దాదాపు ఇదే.

ఈ వివాదమంతా నడుస్తున్నప్పుడు తెలుగు సమాజంలో వేశ్యల గురించిన చర్చ వేరే దారిలో సాగింది. కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పత్రికలో భోగం మేళాలను, వాటిని పోషించే పెద్దమనుషులను తూర్పారబట్టాడు. 1890లలో మద్రాసులో నాచ్ వ్యతిరేక ఉద్యమం ఊపందుకుంది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమైన కన్యాశుల్కంలో గురజాడ అప్పారావు మధురవాణి పాత్రకు, చుట్టూ ఉన్న మర్యాదస్తుల కన్నా ఎక్కువ వివేకాన్ని, దయను ఇచ్చాడు. ఈ చర్చల్లో పెళ్లి మేళాలకు వచ్చే భోగంవారు కనిపిస్తారు గానీ, లష్కరు బజారులో చీటీ పట్టుకుని నిలబడిన పేదరాలు కనిపించడం చాలా అరుదు. తెలుగు సంస్కర్తల గొప్పతనాన్ని తగ్గించకుండానే ఈ లోటును గుర్తించాలి.

1897 నాటికి స్పష్టమైన మూడు వైఖరులు, అంటే లైసెన్సు ఇచ్చి క్రమబద్ధం చేయడం, పూర్తిగా నిషేధించి శిక్షించడం, స్త్రీని వదిలి ఆమెమీద బతికేవారిని పట్టుకోవడం, నేటి చట్టాల్లోనూ వేర్వేరు రూపాల్లో కనిపిస్తున్నాయి. జర్మనీ 2002లో ఈ వృత్తిని చట్టబద్ధమైన పనిగా గుర్తించింది, 2017లో తప్పనిసరి నమోదు, ఆరోగ్య సలహా నిబంధన తెచ్చింది. పేరు బయటపడుతుందన్న భయంతో చాలామంది నమోదుకు దూరంగా ఉండిపోయారు. స్వీడను 1999 నుంచి కొనేవాడిని నేరస్థుడిగా, అమ్మే స్త్రీని నేరం చేయనిదానిగా చూస్తోంది. అది స్త్రీలను చాటుకు తోస్తోందని ఆ వృత్తిలోని వారి సంఘాలు అంటుంటే, మనుషుల అక్రమ రవాణాను తగ్గించిందని సమర్థకులు వాదిస్తున్నారు. న్యూజిలాండు పార్లమెంటు 2003లో 60–59 ఓట్లతో నేరచట్టం నుంచి ఈ వృత్తిని తప్పించింది. వీటిలో ఏది మేలన్నది ఇంకా తేలని వాదమే. అయితే హింస, అప్పు, రోగం, పోలీసు వేధింపు అనే నాలుగు హానుల విషయంలో ఏ పక్షానికీ భేదాభిప్రాయం లేదు, వాటిలో చివరిది పూర్తిగా చట్టం చేతిలోనే ఉంది.

హైదరాబాదు ఇందుకు దగ్గరి సాక్ష్యం. పాతబస్తీలో తరాలుగా ఉన్న మెహబూబ్ కీ మెహందీ వాడను 1996లో ఖాళీ చేయించినప్పుడు, అక్కడి స్త్రీలు, పిల్లలు ఒక్కసారిగా నిలువనీడ కోల్పోయారు; ఆ పిల్లల కోసం సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ మొదలుపెట్టిన చిన్న బడే తరువాత ప్రజ్వల సంస్థగా ఎదిగింది. వ్యభిచార గృహాల మీద దాడులను, అక్రమ రవాణాకు బలైన పిల్లలను కాపాడటాన్ని ప్రజ్వల సమర్థిస్తే, 1995లో కలకత్తా సోనాగాఛీలో పుట్టిన దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ ఆ దాడులనే హానిగా చూస్తుంది. మైనరును, అమ్ముడుపోయిన మనిషిని విడిపించడంలో ఆలస్యం పనికిరాదన్న మాటలో ప్రజ్వల పక్షమే నిలబడాలి. దాడి తరువాత పెద్దవయసు స్త్రీని ఆమె ఇష్టంతో పనిలేకుండా నెలల తరబడి హోముల్లో ఉంచడం గురించి దుర్బార్ అడిగే ప్రశ్నకు మాత్రం లాక్ ఆసుపత్రుల చరిత్ర చదివినవారెవరూ తేలికగా జవాబు చెప్పలేరు.

అక్రమ రవాణాను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందంపై 1950లో సంతకం చేసిన భారతదేశం, 1956లో స్త్రీలు, బాలికల అనైతిక రవాణాను అణచే సీటా చట్టం చేసింది. 1986లో దానిని సవరించి కొత్త పేరు పెట్టారు. పత్రికల్లో పీటా కేసులు అని కనిపించేవి దీని కిందివే. ఈ చట్టం వ్యభిచారాన్నే నేరంగా ప్రకటించలేదు; గృహం నడపడాన్ని, వేరొకరి సంపాదన మీద బతకడాన్ని, మనుషులను తార్చడాన్ని, బహిరంగ స్థలాలకు 200 మీటర్ల లోపు ఈ వృత్తి సాగించడాన్ని శిక్షిస్తుంది. వీటితో పాటు 8వ సెక్షను విటులను పిలవడాన్ని నేరం చేసింది, 20వ సెక్షను ఒక స్త్రీని ఊరి హద్దు దాటించే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇచ్చింది. 1897 నాటి దండు నియమానికి ఇది దగ్గరి చుట్టం. సుప్రీంకోర్టు 1963లో ఆ 20వ సెక్షను చెల్లుతుందని తీర్పు చెప్పింది. అదే కోర్టు 2022 మే 19న ఈ వృత్తిలోని వారిని పోలీసులు గౌరవంగా చూడాలని, వారిమీద లైంగిక దాడి జరిగితే మిగతా బాధితులకు ఇచ్చే వైద్య సహాయమంతా ఇవ్వాలని ఆదేశించింది.

పోలీసులు స్త్రీలమీద ఎక్కువగా వాడే సెక్షన్లలో ఒకటైన ఆ 8వ సెక్షను శిక్షలను పక్కపక్కన పెట్టి చూస్తే 1871 రాయల్ కమిషను నాటి తూనిక ఇంకా పోలేదని తెలుస్తుంది. పిలిచినది స్త్రీ అయితే మొదటిసారికి ఆరు నెలల వరకు, మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు. అదే నేరం మగవాడు చేస్తే ఏడు రోజులకు తగ్గకుండా, మూడు నెలలకు మించకుండా. ఈ సెక్షనును పూర్తిగా తొలగించి, అక్రమ రవాణాకు బలైన వారి దగ్గరకు వెళ్లే విటుడిని శిక్షించే కొత్త సెక్షను చేర్చాలని కేంద్ర ప్రభుత్వం 2006లో లోక్‌సభ ముందుకు ఒక సవరణ బిల్లు తెచ్చింది. అది స్థాయీ సంఘం పరిశీలనకు వెళ్లింది, మంత్రిత్వ శాఖల మధ్య అభిప్రాయభేదాల్లో చిక్కుకుంది, చివరికి 2009లో 14వ లోక్‌సభ రద్దుతోపాటే మురిగిపోయింది. 8వ సెక్షను చట్టంలో అలాగే ఉంది.